గ్రంథాలయానికి వచ్చిన పిల్లల చేతిలో ఏ పుస్తకం పెట్టాలి?

బడి వదిలాక శాఖా గ్రంథాలయంలోకి వచ్చే పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి సార్." మనం కూడా పెద్దగా ఆలోచించకుండా చేతికందిన నీతికథల పుస్తకమో, జాతీయ నాయకుల జీవితచరిత్రో ఇచ్చి పంపేస్తాం. రెండు రోజుల తర్వాత అది మడత కూడా నలగకుండా తిరిగి వస్తుంది. తెచ్చిన పిల్లవాడు మళ్లీ కనిపించడు. పుస్తకంలో లోపం లేదు, పిల్లవాడిలోనూ లేదు. సంబంధం కుదరలేదు, అంతే. ఈ పనిలో మనం పెళ్లిళ్ల పేరయ్యలం. రెండు వైపులా తెలియకుండా సంబంధం తెస్తే ఏమవుతుందో అదే అవుతుంది.

శాఖా గ్రంథాలయాల్లో పనిచేసేవారు, బడిలో గ్రంథాలయం బాధ్యత నెత్తిన పడ్డ టీచర్లు, అపార్ట్‌మెంటు కింద రెండు బీరువాలతో పిల్లల లైబ్రరీ నడుపుతున్నవారు ఈ సంబంధాలు కుదర్చడం ఎలాగో చూద్దాం. దీనికి డిగ్రీ అక్కరలేదు. పిల్లలు చెప్పేది వినే ఓపిక, వాళ్ల పుస్తకాలు చదివే సరదా ఉంటే చాలు.

1. ముందు మీ బీరువా మీరు చదవండి

పిల్లలకు పుస్తకాలు ఇచ్చేవారిలో చాలామంది వాటిని చదవరు. అట్ట చూస్తారు, పేరు చూస్తారు, వెనక్కి తిప్పి వెల చూస్తారు. నిజానికి పిల్లల పుస్తకాలంత త్వరగా చదవగలిగినవి మరొకటి లేవు. నేషనల్ బుక్ ట్రస్టు, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు వేసిన బొమ్మల పుస్తకాలైనా, ప్రథమ్ బుక్స్, తూలిక వారివైనా టీ చల్లారేలోపు ఒకటి అయిపోతుంది. రోజుకు రెండు చదివితే వేసవి సెలవులు వచ్చేసరికి మీ దగ్గరున్న వాటిలో సగానికి పైగా మీకు ముఖపరిచయం అవుతాయి.

చదివినదాన్ని ఒక పాత నోటుపుస్తకంలో మూడు వరుసల్లో రాసుకోండి. మొదటి వరుసలో కథ, ఒకే వాక్యంలో. రెండో వరుసలో ఎవరికి నచ్చవచ్చో: "కుక్కపిల్ల కావాలని ఇంట్లో గొడవ చేసేవాళ్లకు", "కొత్తగా చెల్లెలు పుట్టినవాళ్లకు", "భయం కావాలనేవాళ్లకు". మూడో వరుసలో చదివేవాళ్లు ఎక్కడ తడబడతారో: "వత్తులు ఎక్కువ", "వాక్యాలు పొడుగు", "మొదటి నాలుగు పేజీలు విసుగు, తర్వాత పరుగే". ఆ మూడో వరుస లేకపోతే మొదటి రెండూ పెద్దగా అక్కరకు రావు. నాలుగో పేజీ దాటితే బాగుంటుందని ముందే చెప్పి ఇచ్చిన పుస్తకాన్ని పిల్లలు నాలుగో పేజీ దాకా భరిస్తారు.

చదువుతున్నప్పుడే కొన్నింటిని పక్కన పెట్టవలసి వస్తుంది. చవక కాగితం మీద హడావిడిగా వేసిన పంచతంత్రాలు, అక్బరు-బీర్బలు కథలు మన బీరువాల్లో బోలెడు ఉంటాయి. పేజీకి నాలుగు అచ్చుతప్పులు ఉన్న పుస్తకాన్ని అప్పుడే చదవడం నేర్చుకుంటున్నవాళ్లకు ఇవ్వకండి. తప్పు అచ్చుదని వాళ్లకు తెలియదు, తమదే అనుకుంటారు.

2. తరగతి అడగకండి, కథ అడగండి

"ఏ తరగతి?" అన్న ప్రశ్న మన నోటికి ముందుగా వస్తుంది. దానికి వచ్చే జవాబుతో మనకు తెలిసేది చాలా తక్కువ. పైగా పిల్లలకు అది పరీక్షలా వినిపిస్తుంది. దాని బదులు ఈ మధ్య వాళ్లకు నచ్చిన కథ ఏమిటో అడగండి. పుస్తకమే కానక్కరలేదు. సినిమా, టీవీలో చూసిన బొమ్మల సీరియల్, అమ్మమ్మ చెప్పినది, పక్కింటివాళ్ల గొడవ, ఏదైనా పనికివస్తుంది.

ఐదో తరగతి చదివే అమ్మాయి ఒకతె బీరువా ముందు నిలబడి ఉందనుకోండి.

"ఏ పుస్తకం కావాలమ్మా?"

"ఏదైనా సరే మేడమ్."

"ఈ మధ్య ఎవరైనా నీకు కథ చెప్పారా?"

"మా తాతయ్య పాము కథ చెప్పాడు. నిజంగా జరిగిందట."

"భయం వేసిందా?"

"వేసింది. మళ్లీ చెప్పమన్నాను."

కావలసిందంతా ఈ నాలుగు మాటల్లో ఉంది. ఈ అమ్మాయికి భయం కావాలి, కానీ అది నిజం అయి ఉండాలి, ఎవరో దగ్గర కూర్చుని చెప్పినట్టు ఉండాలి. పాముల గురించి రంగుల బొమ్మలతో వివరంగా చెప్పే పుస్తకం ఒకటి, నాగకన్య వచ్చే జానపద కథ ఒకటి, పల్లెటూరి పెద్దవాళ్లు తమ చిన్నతనం గురించి చెప్పుకున్న కథలు ఒకటి తీయవచ్చు. "ఐదో తరగతి" అన్న జవాబుతో ఈ మూడింటిలో ఒక్కటీ చేతికి వచ్చేది కాదు.

పిల్లలతో పాటు అమ్మో నాన్నో వస్తే వాళ్లే జవాబు చెప్పేస్తారు: "వాడికి సైన్సు అంటే ఇష్టమండీ." ఆ మాట విని తల ఊపి, మళ్లీ పిల్లవాడి వైపే తిరిగి అదే ప్రశ్న అడగండి. రెండోసారి జవాబు అతనే చెబుతాడు, అది చాలాసార్లు సైన్సు కాదు.

అసలు మాట్లాడని పిల్లలూ ఉంటారు. వాళ్లను మాట్లాడించాలని పట్టుబట్టకండి. నాలుగైదు పుస్తకాలు బల్ల మీద పరచి మీ పని మీరు చూసుకోండి. చెయ్యి ఏ పుస్తకం మీదికి ముందు వెళుతుందో ఓరకంట చూస్తే సరిపోతుంది.

3. వయసు కాదు, వత్తులు చూడండి

ఇంగ్లీషు పుస్తకాల వెనక ఐదు నుంచి ఏడేళ్లవారికి, ఎనిమిది నుంచి పదేళ్లవారికి అని అచ్చు వేసి ఉంటుంది. తెలుగులో ఆ లెక్క నమ్ముకుంటే దెబ్బతింటాం. మన లిపిలో చదివే స్థాయి మెట్లు మెట్లుగా ఉంటుంది. అక్షరాలు మాత్రమే వచ్చినవాళ్లు పలక, అరక చదువుతారు. గుణింతాలు పట్టుబడ్డాక కోతి, పిడుగు, మామిడికాయ దాకా హాయిగా పోతారు. అమ్మ, పిల్లి, ముగ్గు లాంటి ద్విత్వాక్షరాల దగ్గర కాస్త నెమ్మదిస్తారు. పుస్తకం, చంద్రుడు దగ్గర వేలు ఆగుతుంది. రాష్ట్రం, లక్ష్మి వచ్చేసరికి పుస్తకంలోంచి తల పైకెత్తి మీ వైపు చూస్తారు.

వత్తుల తర్వాత పొడుగు. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. "పారిపోయిందనుకుంటున్నావేమో" అనేది అచ్చులో ఒకే మాట. నోటితో అనేటప్పుడు ఐదేళ్లవాళ్లు కూడా తడుముకోరు, కాగితం మీద చూస్తే ఎనిమిదేళ్లవాళ్లు బెదురుతారు. కాబట్టి పుస్తకం తెరవగానే మాటల పొడుగు చూడండి.

అచ్చు తీరు కూడా చూడాలి. మన వత్తులు అక్షరం కింద వేలాడతాయి. వరుసల మధ్య ఎడం చాలకపోతే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడినో, తలకట్టునో తాకుతుంది. అలవాటైన మన కళ్లకు అది తెలియదు, కొత్తగా చదివేవాళ్లకు మాత్రం అదొక ముళ్లకంప. కథ ఎంత బాగున్నా అక్షరాలు ఇరుకుగా ఉంటే దాన్ని మీరు చదివి వినిపించే పుస్తకాల్లో పెట్టుకోండి.

పుస్తకం సరిపోతుందో లేదో తేల్చడానికి ఐదు వేళ్ల పద్ధతి తేలికైనది. పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి (మొదటి పేజీ కాదు, దాన్ని రచయితలు బుజ్జగిస్తూ రాస్తారు) మెల్లగా చదువుకోమనండి. ఆగిన ప్రతి మాటకూ ఒక వేలు ముడవాలి. పేజీ పూర్తయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే అది ప్రస్తుతానికి బరువు. ఒకటి రెండు వేళ్లయితే సరిగ్గా సరిపోయినట్టే. ఒక్క వేలూ ముడవకపోతే ఇంకాస్త గట్టిది చూపించవచ్చు, తేలికైనదే కావాలంటే అదే ఇవ్వవచ్చు. ఇదంతా మిగతా పిల్లల ముందు చేయించకండి. పక్కవాడి నవ్వు ఒక్కటి చాలు, ఆ పిల్లవాడు గ్రంథాలయం గడప మళ్లీ తొక్కడు.

ఐదు వేళ్లూ ముడిచినా "నాకు ఇదే కావాలి" అని పట్టుకుని వదలకపోతే ఇచ్చేయండి. డైనోసార్ల పిచ్చి పట్టినవాళ్లు డైనోసార్ల పేర్లు మీకన్నా నాకన్నా బాగా చదువుతారు.

ఈ విషయంలో ఎక్కువ నేర్పు కావలసింది పన్నెండేళ్లు వచ్చినా వత్తుల దగ్గర తడబడే పిల్లల విషయంలో. స్థాయి చూసి పిల్లి, బంతి బొమ్మల పుస్తకం ఇస్తే అవమానపడతారు. వయసు చూసి రెండు వందల పేజీల నవల ఇస్తే మొదటి పేజీలోనే మూసేస్తారు. ఇలాంటివాళ్లకు మాటలు తక్కువైనా వయసుకు తగ్గ విషయం కావాలి: పొడుపు కథలు, జోకులు, బొమ్మల కథలు, చేసి చూసే సైన్సు. అరవింద్ గుప్తా పుస్తకాలు ఇక్కడ అక్కరకు వస్తాయి. అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలనూ కలిపి త్రిభుజాలు, ఘనాలు కట్టడం నేర్పే ఆయన పుస్తకాల్లో బొమ్మ సగం చెబుతుంది, మాట సగం చెబుతుంది. కట్టినది నిలబడాలంటే బొమ్మ పక్కనున్న వాక్యం చదివి తీరాలి. ఆయన వెబ్‌సైటులో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి, డబ్బు కట్టకుండా దించుకోవచ్చు.

ఇంగ్లీషు మీడియంలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల చిక్కు వేరు. హైదరాబాదులోనైనా, అమెరికాలోని తెలుగు బడుల్లోనైనా ఇది ఒకటే. వాళ్లకు మాట వచ్చు, లిపే అడ్డం. ఒకే పేజీలో రెండు భాషలూ ఉన్న తూలిక పుస్తకాల వంటివి వీళ్లకు నప్పుతాయి. వాళ్లకు ముందే తెలిసిన కథను తెలుగులో ఇవ్వడం మరో ఉపాయం. కథ తెలిసి ఉంటే తర్వాతి మాట ఏమిటో ఊహించగలుగుతారు, ఊహ నిజమైన కొద్దీ చదువు వేగం అందుకుంటుంది.

4. చదువుకోవడానికి ఒకటి, వినడానికి ఒకటి

పిల్లలు తమంతట తాము చదవగలిగే పుస్తకమూ, వింటే అర్థమై ఆనందించే పుస్తకమూ ఒకటి కావు. రెండో తరగతి పిల్లలు చదవగలిగేది "కోతి చెట్టు ఎక్కింది" వరకే. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం బేతాళుడి చిక్కుప్రశ్నలకు వాళ్లే తీర్పు చెబుతారు. అందుకని వీలున్నప్పుడల్లా రెండు పుస్తకాలు పంపండి. ఒకటి చదువుకోవడానికి, ఒకటి ఇంట్లో ఎవరితోనైనా చదివించుకోవడానికి. "ఇది నాన్నగారిని చదవమను, నువ్వు చదవకు" అంటే రెండోదాని మీద మోజు ఇంకా పెరుగుతుంది.

ఇంట్లో చదవగలిగినవాళ్లు లేని పిల్లలు చాలామంది ఉంటారని మరవకండి. వాళ్ల కోసం గ్రంథాలయంలోనే వారానికి ఒక గంట చదివి వినిపించే సమయం పెట్టుకోవాలి. చాలా శాఖా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచి ఉంటాయి. ఆదివారం ఉదయాన్ని మించిన వేళ దొరకదు.

5. మూడు చూపించండి, సగం చెప్పి ఆపండి

ఒకే పుస్తకం ఇస్తే అది ఆజ్ఞ. పది ఇస్తే అయోమయం. మూడు చాలు. ఒకటి వాళ్లు అడిగినలాంటిది, ఒకటి దానికి దగ్గరి చుట్టం, ఒకటి ఏ సంబంధమూ లేనిది. మూడోదాన్ని తీసుకోరని మీరు అనుకుంటారు, అప్పుడప్పుడు దాన్నే పట్టుకుపోతారు.

ఒక్కోదాని గురించి నిమిషానికి మించి చెప్పకండి. "ఇది చాలా మంచి పుస్తకం, తప్పకుండా చదవాలి" అన్న మాట ఎవరినీ కదిలించదు. కథలోకి తీసుకువెళ్లి అక్కడ వదిలేయండి. తెనాలి రామకృష్ణ కథల పుస్తకం చూపిస్తున్నారనుకోండి: "రాయలవారు ఊళ్లో ఇంటింటికీ ఒక పిల్లినీ, దానికి పాలు పోయడానికి ఒక ఆవునూ ఇచ్చారు. కొన్నాళ్లకు అందరి పిల్లులూ బలిసి కుండల్లా తయారయ్యాయి. రామకృష్ణుడి పిల్లి మాత్రం ఎముకల గూడు. పాలగిన్నె చూస్తే చాలు, అరుస్తూ పారిపోతోంది." ఇక్కడ ఆపండి. "ఎందుకు?" అని అడుగుతారు. పుస్తకం చేతిలో పెట్టండి. ముగింపు మీరు చెప్పేశారో, పుస్తకం బల్ల మీదే ఉండిపోతుంది.

పుస్తకంలో బొమ్మలు గొప్పగా ఉంటే ఏమీ చెప్పకుండా ఒక పేజీ తెరిచి ముందు పెట్టండి, అంతే.

కాదనే హక్కు పిల్లలకు ముందే ఇవ్వాలి. "నచ్చకపోతే పది పేజీల తర్వాత ఆపేయవచ్చు, నేను ఏమీ అనను" అని చెప్పి పంపితే బరువైన పుస్తకాన్ని కూడా ధైర్యంగా తీసుకువెళతారు.

6. ఏ రుచికి ఏ పుస్తకం

పట్టికలు రాసి గోడకు అంటించడం నాకు నచ్చదు, ఏడాది తిరిగేసరికి అవి పాతబడతాయి. మీ బీరువాలో ఇప్పటికే ఉండగలవాటినీ, తెప్పించుకోగలవాటినీ రుచిని బట్టి చెబుతాను.

సాహసాలు, మాంత్రికులు, ఒంటికన్ను రాక్షసులు కావాలనేవాళ్లకు దాసరి సుబ్రహ్మణ్యం గారు ఉన్నారు. 1947 జులైలో మొదలైన 'చందమామ'లో ఆయన రాసిన 'తోకచుక్క', 'కంచుకోట', 'పాతాళదుర్గం' లాంటి సీరియళ్లు తర్వాత పుస్తకాలుగానూ వచ్చాయి. తొమ్మిది, పదేళ్లవాళ్లకు, ముఖ్యంగా "నాకు చదవడం ఇష్టం లేదు" అనేవాళ్లకు ఇవి బాగా పట్టుబడతాయి. ప్రతి ప్రకరణం ఒక ప్రమాదం దగ్గర ఆగుతుంది కాబట్టి తర్వాతిది చదవక తప్పదు. పాత చందమామల బైండు సంపుటాలు మీ దగ్గర ఉంటే ఇళ్లకు పంపకండి, అక్కడే కూర్చుని చదువుకోనివ్వండి. ఆ వాడుక భాష ఇప్పటికీ చక్కగా సాగిపోతుంది. పత్రికను చాలా ఏళ్లు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారి చలవ అది.

నవ్వు కావాలనేవాళ్లకు పరమానందయ్య శిష్యులు ఎప్పుడూ సిద్ధం. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' విషయంలో నా అభిప్రాయం వేరు. అట్ట మీద బాపు వేసిన పిల్లవాడు ఉన్నాడని ఎనిమిదేళ్లవాళ్లకు ఇచ్చేస్తుంటారు. అందులో మాట్లాడేది పిల్లవాడే, నవ్వేది ఎక్కువగా పెద్దవాళ్లు. చిన్నవాళ్లు ఒంటరిగా చదివితే సగం చమత్కారం జారిపోతుంది. మీరు గట్టిగా చదివి వినిపిస్తే మాత్రం గది ఎగిరిపోతుంది.

పంచతంత్రం ఇచ్చేటప్పుడు ఎవరు తిరిగి చెప్పారో చూడండి. చిన్నయసూరి 'నీతిచంద్రిక' మన భాషకు ఆభరణమే కానీ ఆ గ్రాంథికం నాలుగో తరగతి పిల్లలకు కాదు. వాడుక భాషలో, బొమ్మలతో, చిన్న వాక్యాలతో ఉన్నది వెతకండి.

పాత గ్రంథాలయాల్లో అడుగు అరలో సోవియట్ పుస్తకాలు ఇంకా దొరుకుతుంటాయి. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చు వేసి పంపితే విశాలాంధ్ర వారు ఊరూరా అమ్మినవి అవి. అట్ట ఊడిపోయిందని పాత కాగితాల వాడికి తూకానికి వేయకండి. మందపాటి కాగితం, నిండు పేజీ బొమ్మలు ఉన్న అలాంటి పుస్తకాలు ఈ రోజు కొనాలన్నా దొరకడం కష్టం. 'నాన్నారి చిన్నతనం' ఒక్కటి దొరికినా మీ అదృష్టమే. మొదట తమ నాన్నలకు చదివి వినిపించి, తర్వాత నాన్నల చేత సొంత కథలు చెప్పించుకుంటారు పిల్లలు.

నిజంగా జరిగిన కథలు కావాలనేవాళ్లకు, పదేళ్లు దాటినవాళ్లకు 'రైలుబడి' ఇవ్వండి. జపాన్‌లో పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి గురించి అక్కడ చదువుకున్న తెత్సుకో కురొయనాగి రాసిన పుస్తకానికి అది తెలుగు రూపం. బడి అంటే గిట్టనివాళ్లకు ముందుగా ఇవ్వవలసినది ఇదే. పదమూడు, పద్నాలుగు వచ్చినవాళ్లకు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి చిత్తూరు జిల్లా కథలు, మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చూపించవచ్చు. వాటిలో బీదరికం, తిట్లు, దెబ్బలు అన్నీ ఉంటాయి, కాబట్టి మీరు చదివి, పిల్లలను చూసి ఇవ్వాలి. తమ ఇంట్లో మాట్లాడే భాష అచ్చులో ఉండవచ్చని చాలామంది పిల్లలకు మొదటిసారి తెలిసేది ఇలాంటి పుస్తకాలతోనే.

"ఎందుకు?" అని అడుగుతూ ఉండేవాళ్లకు మహీధర నళినీమోహన్ గారి సైన్సు పుస్తకాలు. కాస్త పెద్దవాళ్లకే కానీ కబుర్లు చెబుతున్నట్టు రాస్తారు, పాఠంలా ఉండదు.

కొత్తవి కొనే బాధ్యత మీదైతే కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారాల పట్టిక ఒకసారి తిరగేయండి. తెలుగులో ఆ మొదటి ఏడాది కలువకొలను సదానంద గారి 'అడవితల్లి'కి వచ్చింది. పురస్కారం వచ్చిన ప్రతిదీ పిల్లలకు నచ్చుతుందని కాదు, వెతుకులాటకు ఒక మొదలు. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళితే సికింద్రాబాదులోని మంచి పుస్తకం వంటి ప్రచురణకర్తల పుస్తకాలను పేజీ తిప్పి చూసి కొనవచ్చు. డబ్బే లేకపోతే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటు ఉంది. తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి, దించుకుని అచ్చు తీసి కుట్టుకోవచ్చు. అనువాదాలు కొన్ని తడిగా, కొన్ని పొడిగా ఉంటాయి, చదివి ఎంచుకోండి.

7. నీతి అడిగే పెద్దలతో

"కథలెందుకండీ, జనరల్ నాలెడ్జి పుస్తకం ఇవ్వండి" అనే తండ్రులు, "నీతికథలైతేనే ఇవ్వండి" అనే తల్లులు మీకు రోజూ ఎదురవుతారు. వాదించవద్దు. "అలాగేనమ్మా, ఇది మీరు అడిగింది, ఇది బాబు అడిగింది" అని రెండూ ఇచ్చి పంపండి. ఏది నలిగి వచ్చిందో వచ్చే వారం వాళ్లకే కనిపిస్తుంది. బొమ్మల కథలు చదివితే చదువు పాడవుతుందని భయపడేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి: ఇష్టంగా ఎక్కువ పేజీలు చదివినవాళ్లకే వేగం వస్తుంది, వేగం వస్తేనే సాంఘికశాస్త్రం పాఠం కూడా ఒక్క కూర్చోవడంలో అవుతుంది.

పాత కథల్లో సవతి తల్లి ఎప్పుడూ రాక్షసే, నల్లగా ఉన్నవాడు దొంగే, రాకుమారి ఎవరో వచ్చి కాపాడేదాకా కిటికీ దగ్గరే. వాటిని దాచేయనక్కరలేదు. అవి ఇచ్చేటప్పుడు చెట్టెక్కే అమ్మాయి, వంట చేసే నాన్న ఉన్న పుస్తకం ఒకటి జతగా పెట్టండి. ఆడపిల్లల పుస్తకాలు, మగపిల్లల పుస్తకాలు అని అరలు విడదీయకండి.

8. అర సర్దే తీరు

పుస్తకాల వీపులు చూసి పిల్లలు ఎంచుకోరు. తెలుగు పిల్లల పుస్తకాలు పలచగా, పిన్ను కొట్టి ఉంటాయి, చాలావాటికి వీపే ఉండదు. అట్ట కనిపించేలా నిలబెట్టండి, లేదంటే తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. అన్నీ ఒకేసారి వద్దు, ఓ ఇరవై చాలు, వారం వారం మార్చండి. తాడు ఐదేళ్లవాళ్ల కంటి ఎత్తులో ఉండాలి. తాళం వేసిన అద్దాల బీరువాలో ఉన్న పుస్తకాన్ని ఏ పిల్లలూ అడగరు.

స్థాయిని బట్టి అట్ట మీద రంగు చుక్కలు అంటించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఎరుపు చుక్క అంటే చదవడం రానివాళ్లది అని పిల్లలు ఒక్క రోజులో కనిపెట్టేస్తారు. గుర్తు కావాలంటే లోపలి పేజీలో మీకు మాత్రమే తెలిసేలా పెన్సిలుతో పెట్టుకోండి.

పిల్లలు పిల్లలకు చెప్పే మాటకు ఎదురు లేదు. చదివినవాళ్ల చేత చిన్న చీటీ రాయించి పుస్తకంలో ఉంచండి. "బాగుంది" అని రాస్తే ఒప్పుకోకండి, ఏ పేజీలో నవ్వు వచ్చిందో రాయమనండి. రాయడం మీద సరదా పుట్టినవాళ్లకు అనంతపురం ప్రాంతం నుంచి వెలువడిన 'కొత్తపల్లి' పత్రిక సంచికలు చూపించండి. అందులో బడిపిల్లలు రాసిన కథలు, గీసిన బొమ్మలు ఉంటాయి.

గ్రంథాలయం దాకా రాలేని పిల్లల కోసం సంచిలో పది పుస్తకాలు వేసుకుని మీరే వెళ్లవచ్చు. 1930లలో పాతూరి నాగభూషణం గారు పడవలో కాలువ వెంట పుస్తకాలు తిప్పిన ప్రాంతం మనది, స్కూటరు మీద అంగన్‌వాడీ దాకా వెళ్లడం ఏపాటి పని.

9. తిరిగి తెచ్చినప్పుడు

"కథ చెప్పు, నీతి ఏమిటి?" అని ఎప్పుడూ అడగకండి. అది పరీక్ష అవుతుంది. "ఎక్కడ ఆపావు?" అని అడగండి. పూర్తి చేసినవాళ్లు గర్వంగా చెబుతారు, చేయనివాళ్లు సిగ్గు పడకుండా చెబుతారు. ఆపిన పేజీ తెరిచి చూస్తే కారణం మీకే దొరుకుతుంది. అక్కడ బొమ్మ లేని మూడు పేజీల వర్ణన ఉండవచ్చు, ఒకేసారి ఏడు పాత్రలు వచ్చి ఉండవచ్చు. నోటుపుస్తకంలో మూడో వరుస సరిదిద్దుకోండి.

ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ సూత్రాల్లో రాశారు. మొదటిది అందరూ చెబుతారు, రెండోది మరచిపోతారు. ఏడాదిగా ఎవరూ తాకని పుస్తకం ఉంటే దాన్ని తీసి, అది ఎవరికి సరిపోతుందో ఆలోచించి, ఆ పిల్లవాడు వచ్చినప్పుడు మూడింటిలో ఒకటిగా పెట్టండి.

అదే పుస్తకాన్ని పదేపదే తీసుకువెళ్లేవాళ్లను ఆపకండి, కొత్తదాన్ని బలవంతంగా అంటగట్టకండి. ఐదోసారి ఇచ్చేటప్పుడు పక్కన దాని చుట్టాన్ని ఒకదాన్ని పెట్టి ఊరుకోండి.

పేజీలు చిరిగి వస్తే ఆ పిల్లల చేతనే బల్ల దగ్గర కూర్చోబెట్టి సన్నటి కాగితం, మైదా జిగురుతో అతికించేయండి. మెరిసే టేపు వాడవద్దు, కొన్నాళ్లకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. పుస్తకం పోయిందని మొహం చాటేసిన పిల్లలకు మాత్రం స్నేహితులతో కబురు పెట్టండి. వెల సంగతి పెద్దవాళ్లతో తర్వాత తేల్చుకోవచ్చు. వచ్చిన రోజే ఇంకో పుస్తకం ఇచ్చి పంపండి.